హిందీ సీరియళ్లలో పిచ్చి, ఆటిజం: పన్నెండేళ్లు వాటికి తెలుగు మాటలు రాసినదాన్ని కాబట్టి చెబుతున్నాను

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పుణెలో ఉంటున్నారు, నాలుగేళ్ల బాబుకి ఆటిజం అని మొన్ననే డాక్టర్ చెప్పారు, ఇంట్లో అత్తయ్యగారు సాయంత్రం నుంచి పడుకునే దాకా హిందీ సీరియళ్లు చూస్తారు, అందులో లాగే మనవడు కూడా ఏదో ఒకరోజు మామూలు అయిపోతాడని గట్టిగా నమ్ముతున్నారు, మీరు కాదంటే "తల్లివై ఉండి నీకే నమ్మకం లేదా" అంటున్నారు. హిందీ టీవీ ఇలాంటివి ఎలా చూపిస్తుంది, అందులో నిజమెంత, ఆవిడతో కలిసి చూడదగ్గవి ఏమన్నా ఉన్నాయా అని అడిగారు.

నేను డాక్టర్‌ని కాను. 2010 నుంచి పన్నెండేళ్లు హైదరాబాద్‌లో హిందీ సీరియళ్లకు తెలుగు డబ్బింగ్ మాటలు రాశాను. చిన్నారి పెళ్లికూతురు మన ఇళ్లలో ఊపేస్తున్న రోజుల్లో ఈ పనిలోకి వచ్చాను, డబ్బింగ్ సీరియళ్లు వద్దని మన టీవీ కళాకారులు రోడ్డెక్కిన రోజులూ చూశాను. మా అబ్బాయికి ఇప్పుడు 19 ఏళ్లు, వాడికీ ఆటిజమే. పగలు ఆ సీరియళ్లకు మాటలు రాయడం, రాత్రి అవే సీరియళ్లు మా అత్తగారి పక్కన కూర్చుని చూడటం, మధ్యలో వాడిని థెరపీకి తిప్పడం, ఇలా గడిచాయి ఆ ఏళ్లన్నీ. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు మీకు అవసరమైన ముక్క చెప్పేస్తాను. ఆటిజం తగ్గిపోయే జబ్బు కాదు. తలకు దెబ్బ తగిలితేనో, మొక్కు తీర్చుకుంటేనో, తల్లి గుండె పగిలేలా ఏడిస్తేనో పోదు. బాబు నేర్చుకుంటాడు, ఎదుగుతాడు, స్పీచ్ థెరపీ, రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ త్వరగా మొదలుపెడితే వాడికీ మీకూ రోజు గడవడం చాలా తేలికవుతుంది. కొందరు పిల్లలు మాటలతో, కొందరు బొమ్మల కార్డులతోనో ట్యాబ్‌తోనో తమకేం కావాలో చెప్పగలుగుతారు. కానీ వాడి మెదడు పనిచేసే తీరు వాడిదే, పెద్దయ్యాక కూడా అదే. న్యూరోడైవర్సిటీ అని ఇప్పుడు అంటున్నది దీన్నే, అందరి మెదళ్లూ ఒకే అచ్చులో పోసినవి కావు అని. హిందీ సీరియల్ మాత్రం దీనికి సరిగ్గా ఎదురు చెబుతూ వచ్చింది. మనసుకు సంబంధించింది ఏదైనా సరే ఒక ఎపిసోడ్‌లో వస్తుంది, ఇంకో ఎపిసోడ్‌లో పోతుంది. ఏళ్ల తరబడి రోజుకు నాలుగు గంటలు అదే చూసిన మనిషి అదే నమ్మితే ఆవిడ తప్పేముంది చెప్పండి.

పన్నెండేళ్లలో నాకు అర్థమైంది ఏంటంటే, ఆ కథల్లో జబ్బు ఉన్న మనిషిని ఆ మనిషి కోసం రాయరు, పక్కనున్న వాళ్ల కోసం రాస్తారు. కోడలి సహనానికి పరీక్ష కావాలంటే భర్తకి పసిపిల్లాడి బుద్ధి ఇస్తారు. హీరో కాపురంలో నిప్పు పోయాలంటే ఇంకో ఆడదానికి పిచ్చి ప్రేమ ఇస్తారు. మంచి కోడలిని ఇంట్లోంచి బయటికి పంపాలంటే ఆవిడ తాగే పాలల్లో మాత్రలు కలిపి పిచ్చిదని ముద్ర వేస్తారు. మూడింట్లోనూ ఆ మనిషి లోపల ఏం జరుగుతోందో మనకెవరూ చూపించరు.

మొదటిది చూడండి. 2000లో జీ టీవీలో కోశిశ్ ఏక్ ఆశా అని వచ్చింది, కాజల్ అనే అమ్మాయిని మోసం చేసి మానసిక ఎదుగుదల లేని నీరజ్‌కి ఇచ్చి పెళ్లి చేస్తారు. 2006లో అదే ఛానల్లో బనూ మై తేరీ దుల్హన్, పేదింటి అమ్మాయి విద్యకి గొప్పింటి సాగర్‌తో పెళ్లి, సాగర్‌ది ప్రమాదం తర్వాత పిల్లాడి మనసు. రెండింట్లోనూ మోసం చేసి పెళ్లి చేసిన వాళ్లది తప్పని ఎక్కడో ఒక మాట అంటారు గానీ, కథ నడిచేది మాత్రం ఆ అమ్మాయి ఎంత ఓర్చుకుంది, ఎంత సేవ చేసింది అన్నదాని మీదే. సాగర్‌కి ఏమిష్టం, దేనికి భయం, పెళ్లంటే ఏంటో వాడికి తెలుసా, అడిగినవాళ్లు లేరు. తర్వాత సాగర్ బాగైపోతాడు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. భార్య మంచిదైతే భర్త బాగుపడతాడు అన్న లెక్క ఇంట్లోకి వచ్చేసిందంటే, బాగుపడకపోతే భార్య మంచిది కాదన్నమాట కూడా దాని వెనకే వస్తుంది. మీ అత్తయ్యగారు "నీకే నమ్మకం లేదా" అంటున్నది ఈ లెక్కలోనిదే, కాకపోతే భార్య స్థానంలో తల్లి.

మనకూ ఇది కొత్తది కాదు. "పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు" అని మన పెద్దవాళ్లే అన్నారు. సామెతలో కనీసం రెండో సగం ఉంది. సీరియల్ మొదటి సగం పట్టుకుని ఏళ్ల తరబడి లాగింది. వాళ్లబ్బాయికి స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు ఉందన్న సంగతి దాచి పెళ్లి చేసి, ఆరు నెలలకి కోడలి మీద నెపం వేసిన ఒక ఇల్లు నాకు దగ్గరగా తెలుసు. ఆ ఇంట్లో టీవీ చూసే పెళ్లి చేశారని అనను, కానీ చేస్తున్నది తప్పని వాళ్లకి అనిపించకపోవడంలో ఇలాంటి కథల పాలు ఉందనే నమ్ముతాను.

ఆడదాని పిచ్చి వేరే రకం. 2016లో సోనీలో బేహద్ వచ్చింది, మాయగా జెన్నిఫర్ వింగెట్ చేసింది. నటన గురించి నేను ఒక్క మాట తక్కువ చేయను, ఆ కళ్లు ఇంకా గుర్తున్నాయి నాకు. మాయకి చిన్నప్పుడు తండ్రి పెట్టిన హింస ఉందని కూడా చూపించారు, అంటే రాసినవాళ్లకి కారణం తెలుసు. తెలిసి కూడా ఆ కారణాన్ని ఆమెని మరింత భయపెట్టే మనిషిగా చేయడానికే వాడారు. అంత చదువుకుని, అంత డబ్బుండి, అంత నలిగిపోయిన మనిషి చికిత్స తీసుకుంటే ఎలా ఉంటుందో చూపించి ఉంటే అది కూడా కథే కదా, బోలెడంత కథ. బదులుగా వారం వారం ఆమె ఇంకెంత దూరం వెళ్తుందా అని మనల్ని కూర్చోబెట్టారు. వెబ్ సిరీస్‌లు వచ్చాక మారుతుందనుకున్నాను. 2020లో బ్రీత్ ఇన్‌టు ద షాడోస్‌లో ఒకే మనిషిలో రెండు వ్యక్తిత్వాలు, అందులో ఒకటి హంతకుడు. ఖర్చు పెరిగింది, కెమెరా బాగుంది, సైకో మాత్రం సైకోలాగే మిగిలాడు. క్రైమ్ సీరియళ్లలో ఎన్ని ఎపిసోడ్లు "వాడు సైకో సార్" అన్న మాటతో ముగిశాయో, నేను రాసినవే చేతివేళ్ల మీద లెక్కపెట్టలేను. తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్లు ఇతరులకు హాని చేయడం కంటే ఇతరుల చేతిలో హాని పొందడమే ఎక్కువని ఈ రంగంలో పనిచేసే ఏ డాక్టర్‌ని అడిగినా చెబుతారు. రాత్రి పదిన్నరకి టీవీ చూసే ఇంట్లో ఆ మాట చెప్పేవాళ్లు ఎవరున్నారు?

మూడో రకం గురించి ఒక సంఘటన చెప్పాలి. ఏ సీరియలో చెప్పను. కోడలిని పిచ్చాసుపత్రిలో పెట్టి కరెంటు షాక్ ఇచ్చే సీన్, చేతులు కాళ్లు కట్టేసి, ఆమె అరుస్తుంటే ఇద్దరు నర్సులు పట్టుకుని ఉంటారు, లైట్లు మిణుకు మిణుకుమంటాయి. డబ్బింగ్ థియేటర్లో ఆ అరుపు సరిపోలేదని మా వాయిస్ ఆర్టిస్ట్ చేత ఆరుసార్లో ఏడుసార్లో చేయించారు. ఆఖరిది ఓకే అయ్యాక ఆమె బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని నీళ్లు తాగుతూ, "అక్కా, మా అమ్మకి ఇచ్చారు ఇది, ఐదేళ్ల కింద" అంది. వాళ్లమ్మ తీవ్రమైన డిప్రెషన్‌లో తిండి మానేసి గోడకి తిరిగి పడుకుందట, మందులు పనిచేయలేదు. "పొద్దున ఏమీ తిననివ్వకుండా తీసుకెళ్లారు, మత్తు ఇచ్చారు, నేను బయట టీ తాగొచ్చేసరికి అయిపోయింది. కాసేపటికి లేచి ఇడ్లీ ఉందా అని అడిగింది. మూడు నెలల తర్వాత మా అమ్మ నోరు తెరిచి తిండి అడగడం అదే." కొన్నాళ్లు కొన్ని సంగతులు మర్చిపోయేదట, తర్వాత సర్దుకుందట. అదే అమ్మాయి లోపల గొంతు చించుకుని అరిచి వచ్చింది. ఆ ఎపిసోడ్ చూసిన ఇంకో ఇంట్లో ఇంకో తల్లికి డాక్టర్ అదే చికిత్స చెబితే పిల్లలు సంతకం పెడతారా? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా ఈ చికిత్స చేయడం నిషేధం. అంటే టీవీలో చూపిస్తున్నది ఈరోజు దేశంలో నేరం. సీన్ కింద సిగరెట్ హానికరం అని వేస్తారు గానీ దీని గురించి ఒక్క ముక్క వేసిన గుర్తు లేదు నాకు.

గతం మర్చిపోవడం, మళ్లీ తలకి తగిలి గుర్తు రావడం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు, అత్తయ్యగారికే ఒక పది ఉదాహరణలు తెలిసి ఉంటాయి.

ఇప్పుడు మాటల దగ్గరికి వస్తాను, ఇది నేను చేసిన పని కాబట్టి. డబ్బింగ్‌లో పెదాలు కలవాలి. ప, బ, మ వచ్చినచోట పెదవులు మూసుకుంటాయి, క్లోజప్ అయితే అక్కడ మన మాటలో కూడా అలాంటి అక్షరమే పడాలి, లేకపోతే అతకదు. పాగల్ అన్నచోట పిచ్చి అని రాస్తే దానికోసమే పుట్టినట్టు కూర్చుంటుంది. మానసిక అనారోగ్యం అని రాద్దామంటే అది కూడా మ తోనే మొదలవుతుంది గానీ, హిందీలో నోరు రెండుసార్లు తెరుచుకునే చోట ఎనిమిది అక్షరాలు ఎక్కడ పెడతాం. అలా వందల సార్లు పిచ్చి రాశాను. పిచ్చి అన్న మాట దానంతటది చెడ్డదని నేననను. పిచ్చి తల్లీ అని ముద్దు చేస్తాం, హిందీలో పగ్లీ అని వాళ్లూ అంటారు. హిందీవాళ్లు ఎవరినైనా ఎగతాళి చేయాలంటే ఆగ్రా పంపాలంటారు, రాంచీ పంపాలంటారు, మనం ఎర్రగడ్డ అంటాం, విశాఖవాళ్లు చినవాల్తేరు అంటారు. నిజంగా వైద్యం జరిగే ఊళ్ల పేర్లు మన నోళ్లలో తిట్లయిపోయాయి. రేపు అదే ఆస్పత్రికి వెళ్లాల్సి వచ్చినవాడు ఆ పేరు బయటికి ఎలా చెప్పుకుంటాడు?

మందబుద్ధి అన్న మాటకైతే నేను కష్టపడాల్సిన పనే లేకపోయింది. హిందీలోనూ అదే, తెలుగులోనూ అదే. ఒక సీరియల్లో భార్య కళ్లనీళ్లతో పొరుగువాళ్లకి చెప్పే డైలాగు, "నా భర్త మందబుద్ధే కావచ్చు, కానీ మనసు బంగారం" అని రాశాను. బాగా కుదిరిందని అందరూ అన్నారు, నాకూ నచ్చింది. అది ప్రసారమైన రెండు మూడు వారాలకి మా అత్తగారు గుమ్మంలో నిలబడి పక్కింటావిడతో మాట్లాడుతున్నారు, నేను లోపల బియ్యం కడుగుతున్నాను. "మా మనవడు మందబుద్ధే కావచ్చమ్మా, కానీ మనసు బంగారం" అన్నారు. అదే విరుపు, అదే చోట ఆగడం. ఆవిడ ప్రేమగానే అన్నారు, గర్వంగా కూడా అన్నారు. అంతకుముందు వాడిని ఆ మాట ఎప్పుడూ అనలేదు, "మా వాడికి మాటలు ఆలస్యం" అనేవారు. పైగా మా వాడికి ఉన్నది ఆటిజం, బుద్ధిమాంద్యం అనేది వేరు, రెండూ కలిసి ఉన్న పిల్లలూ ఉంటారు, మా వాడికి అది లేదు. నేను రాసిన మాట చుట్టూ తిరిగి నా కొడుకు మీదే వచ్చి పడింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తర్వాత మళ్లీ ఆ మాట రాయలేదు, పెదాలు కలవకపోయినా వేరే ఏదో రాసి గొడవ పడేదాన్ని.

గొడవ పడితే ఏం జరిగేదో కూడా చెబుతాను, అప్పుడు ఇవి ఎందుకు ఇలా ఉంటాయో తెలుస్తుంది. ముంబైలో డైలీ సీరియల్ రాసేవాళ్లకి ఒక కథ మొదలూ చివరా ముందే తెలియదు. గురువారం రేటింగ్‌లు వస్తాయి, పడిపోతే ట్రాక్ మారుతుంది, పెరిగితే అదే ట్రాక్ లాగుతారు. షూటింగ్ జరిగిన ఎపిసోడ్ కొన్నిసార్లు ఒకటి రెండు రోజుల్లోనే ప్రసారానికి వెళ్తుంది. అంత హడావిడిలో సైకియాట్రిస్ట్‌ని ఎవరు అడుగుతారు. డిప్రెషన్ ట్రాక్ పెట్టినా అది నెలల తరబడి మెల్లగా తగ్గే విషయం, అందులో ప్రతిరోజూ చివర ఒక ఉలికిపాటు ఎక్కడి నుంచి తెస్తారు? అందుకే దాన్ని పిచ్చి అరుపులుగా మారుస్తారు. ఒకసారి నేను ఫోన్ చేసి అడిగితే అవతల ఉన్న పిల్ల, పాపం మంచిదే, "మేడమ్, ఇంకో నాలుగు వారాలే, తర్వాత లీప్ తీసుకుంటున్నాం, ఈ క్యారెక్టర్ ఉండదు" అంది. లీప్ అంటే కథని ఒక్కసారిగా కొన్నేళ్లు ముందుకి దూకించడం. వాళ్లకి అది నాలుగు వారాల సంగతి.

మీరు అడిగిన మంచివాటి సంగతికొస్తాను. ఉన్నాయి, తక్కువే అయినా ఉన్నాయి. 2005లో స్టార్ ప్లస్‌లో మొదలైన బా బహూ ఔర్ బేబీ నాకు అన్నిటికంటే ఇష్టం. పెద్ద గుజరాతీ కుటుంబం, అందులో గట్టు అనే కొడుకు, వయసు పెద్దది, బుద్ధి ఎదుగుదల తక్కువ. దేవెన్ భోజానీ వేశాడు. మిగతావాటికీ దీనికీ తేడా ఏంటంటే, గట్టు ఆ ఇంట్లో మిగతా అన్నదమ్ములతో పాటు ఒకడు. వాడు అలుగుతాడు, అబద్ధమాడతాడు, తిండి దగ్గర గొడవ పడతాడు, వాడిని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు కూడా, తర్వాత దగ్గరికి తీసుకుంటారు. వాడు బాగుపడాలని ఎవరూ ఎదురుచూడరు. నిజంగా ఇలాంటి మనిషి ఉన్న ఇల్లు అలాగే ఉంటుంది. హాస్యం కోసం వాడిని వాడుకున్న చోట్లు నాకు ఇబ్బందిగా ఉంటాయి, అయినా అత్తయ్యగారితో చూడమని మొదట చెప్పేది దీన్నే.

రెండోది 2009లో జీ టీవీలో వచ్చిన ఆప్ కీ అంతరా. అయిదేళ్ల పాప, ఆటిజం, ఆ పాపే కథకి కేంద్రం. మన దేశంలో చాలామంది ఆ మాట మొదటిసారి విన్నది ఈ సీరియల్లోనే అయ్యుంటుంది. పిలిస్తే పలకదు, కళ్లలోకి చూడదు, ఒకే పని మళ్లీ మళ్లీ చేస్తుంది, ఇంట్లోవాళ్లకి ఇదంతా పొగరనో మొండితనమనో అనిపించడం చూపించారు. అప్పటికి మా వాడికి మూడేళ్లు. మేము ఇంకా "మగపిల్లలకి మాటలు లేటు" అని తిరుగుతున్నాం. ఒక సాయంత్రం ఆ పాప బొమ్మలు వరసగా పేర్చుకుంటూ ఉంటే మా ఆయన నా వైపు చూశారు, మా ఇద్దరిలో ఎవరమూ ఏం మాట్లాడలేదు. అయినా ఇంకో ఏడాది పట్టింది మాకు కాలు కదపడానికి. 2010లో సికింద్రాబాద్ బోయినపల్లిలోని మనోవికాస్ నగర్‌కి తీసుకెళ్లాం, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే, ఇప్పుడు నీపిడ్ అంటున్న కేంద్ర సంస్థ, అప్పట్లో పేరు వేరు. నెమ్మదిగా, ఓపిగ్గా చెప్పారు. ఆ సీరియల్ మీద నాకు ఫిర్యాదులు లేకపోలేదు, అందులోనూ పెద్దవాళ్ల కన్నీళ్లే ఎక్కువ. కానీ ఒక చెడ్డ రోజున మాకు దారి చూపించింది, అది మర్చిపోలేను.

సీరియళ్లు కానివాటిలో, 2014లో ఆమిర్ ఖాన్ టీవీ షో సత్యమేవ జయతే మూడో సీజన్‌లో మానసిక ఆరోగ్యం మీద ఒక ఎపిసోడ్ ఉంది, జబ్బు వచ్చి తేరుకున్న మనుషులే వచ్చి తమ నోటితో చెబుతారు. పెద్దవాళ్లకి అది బాగా ఎక్కుతుంది. కోచింగ్ పిల్లల మీద తీసిన వెబ్ సిరీస్ కోటా ఫ్యాక్టరీ మీ వయసువాళ్లకి. 2024లో వచ్చిన మూడో సీజన్‌లో పిల్లలందరికీ ధైర్యం చెప్పే టీచర్ జీతూ భయ్యానే ఒక విద్యార్థిని చనిపోయాక కుంగిపోయి థెరపిస్ట్ దగ్గరికి వెళ్తాడు. థెరపిస్ట్ గదిలో మెరుపులు లేవు, ఉరుములు లేవు, ఇద్దరు మనుషులు కూర్చుని మాట్లాడుకుంటారు. మన ఊళ్లలో ఇంటర్ హాస్టళ్లలో పిల్లల్ని వేసిన ప్రతి తల్లీ తండ్రీ చూడాలని నా కోరిక. దృష్టి నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం ఉండే ఏడీహెచ్‌డీ గురించి మాత్రం చెప్పడానికి ఏమీ లేదు, నేను మాటలు రాసిన అన్ని సీరియళ్లలో ఆ పేరు ఒక్కసారి కూడా రాలేదు. కుదురుగా కూర్చోని పిల్లాడు అక్కడ అల్లరివాడు, అంతే.

న్యూస్ ఛానళ్ల గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా వదల్లేను, ఎందుకంటే సీరియళ్లకి కనీసం కథ అన్న సాకు ఉంది. 2020 జూన్‌లో ఒక యువ హీరో చనిపోయాక నెలల తరబడి హిందీ న్యూస్ చేసింది గుర్తుందా? ఆయన మందుల పేర్లు, ఆయన మానసిక స్థితి, ఆయన వాట్సాప్ మాటలు, అన్నీ బయట పరిచారు. డిప్రెషన్ అసలు ఉందా అని స్టూడియోలో కూర్చుని తేల్చారు. చికిత్స పొందుతున్న మనిషి వివరాలు ఆ మనిషి ఒప్పుకోకుండా మీడియాకి ఇవ్వకూడదని 2017 చట్టంలోనే ఉంది. ఆ ఏడాది అక్టోబరులో వార్తా ప్రసారాల ప్రమాణాలు చూసే సంస్థ కొన్ని పెద్ద ఛానళ్లను క్షమాపణ ప్రసారం చేయమంది, 2021 జనవరిలో బాంబే హైకోర్టు ఆత్మహత్య వార్తల మీద పత్రికల కోసం ప్రెస్ కౌన్సిల్ పెట్టిన నియమాలు టీవీకీ వర్తిస్తాయని చెప్పింది. అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది. ఆ నెలల్లో నాకు తెలిసిన ఒక కుర్రాడు "నేను మందులు వాడుతున్న సంగతి ఎవరికైనా తెలిస్తే నా గురించీ ఇలాగే మాట్లాడతారా అక్కా" అని అడిగాడు. మందులు మానేశాడు కూడా. మళ్లీ మొదలుపెట్టించడానికి వాళ్లన్నయ్య నానా తంటాలు పడ్డాడు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది, అందులో అత్యధికులకి చికిత్సే అందట్లేదు. అలాంటి దేశంలో ఒక్క మనిషిని భయపెట్టి మందులు మాన్పించినా అది చిన్న సంగతి కాదు.

చట్టం ఒకప్పటిలా లేదు, ఇది మీకు ధైర్యం ఇవ్వాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్ని గుర్తించింది, అందులో ఆటిజం ఉంది, డిస్లెక్సియా లాంటి అభ్యసన సమస్యలు ఉన్నాయి, మానసిక జబ్బులూ ఉన్నాయి. 2024 జులై 8న సుప్రీంకోర్టు ఒక హిందీ సినిమా మీద వచ్చిన కేసులో, తెర మీద వైకల్యం ఉన్నవాళ్లని చూపించేటప్పుడు పాటించాల్సినవి వివరంగా చెప్పింది. కించపరిచే మాటలు వాడొద్దని, వైద్యపరంగా తప్పుగా చూపించొద్దని, రాసేటప్పుడు వాళ్లని కూడా కలుపుకోవాలని. తీర్పు చదివిన రోజు నాకు ఆ బియ్యం కడిగిన సాయంత్రమే గుర్తొచ్చింది. నేను పనిలో ఉన్నప్పుడు ఈ కాగితం చేతిలో ఉండి ఉంటే, ఫోన్లో అవతలి పిల్లకి నాలుగు మాటలు గట్టిగా చెప్పేదాన్ని.

ఇక మీ అత్తయ్యగారు. సీరియల్ అబద్ధం అని ఆవిడతో వాదించకండి, టీవీ కట్టేయకండి. మా ఇంట్లో అది రెండుసార్లు చేసి చూశాను, మాటలు పెరిగాయి తప్ప ఇంకేం కాలేదు. మాకు పనిచేసింది ఒక్కటే. ఒకరోజు నాకు పని పడి, వాడిని థెరపీకి మా అత్తగారే తీసుకెళ్లారు. గంట సేపు వెనకాల స్టూలు మీద కూర్చున్నారు. కర్రకి రంగు రింగులు వేయించడం ఆ రోజు పాఠం. మొదటి రింగు వాడంతట వాడు వేయడానికి నలభై నిమిషాలు పట్టిందట, వేశాక టీచర్ చప్పట్లు కొడితే ఈవిడ కళ్లు తుడుచుకున్నారట. ఇంటికొచ్చాక నాకు రింగు గురించి తప్ప ఇంకేం చెప్పలేదు. ఆ వారంలోనే ఒక సీరియల్లో గుడి మెట్ల మీద తల్లి పొర్లుతుంటే మాటలు రాని పిల్లాడు "అమ్మా" అన్నాడు, పక్కన గంటలు మోగాయి. మా అత్తగారు వంటింట్లో ఉన్న నన్ను కేకేసి పిలిచారు. "ఒసేయ్, మన వాడికి ఒక్క రింగుకే నలభై నిమిషాలు పట్టింది, వీడికి ఇంత తొందరగా ఎలా వచ్చిందే?" అని అడిగారు, నిజంగా తెలుసుకుందామనే. అప్పుడు కూర్చుని చెప్పాను, అప్పటిదాకా ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని సంగతులన్నీ ఆ రోజు విన్నారు. పుణెలో బాబు థెరపీకి వెళ్తుంటే అత్తయ్యగారిని కూడా వారానికి ఒకసారైనా తీసుకెళ్లండి, లోపల కూర్చోనివ్వమని అక్కడివాళ్లని అడగండి.

మీ మనసు బాగోలేకపోతే, అది కూడా జరుగుతుంది, 14416కి ఫోన్ చేయండి, అది టెలి మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడతారు, డబ్బులేం అక్కర్లేదు.

ఇంకొకటి, ఇది ఈ రాత్రే చేయొచ్చు. సీరియల్లో ఒకే ముఖాన్ని మూడుసార్లు చూపిస్తూ ధన్ ధన్ అని కొట్టే శబ్దం ఉంటుంది చూశారా, ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకి అలాంటివి చెవిలో సుత్తితో కొట్టినట్టు ఉంటాయి. మీ బాబు ఆ టైములో చెవులు మూసుకుంటున్నాడా, వేరే గదిలోకి పారిపోతున్నాడా, ఏడుస్తున్నాడా గమనించండి. అత్తయ్యగారికి అదే చూపించి, "అత్తయ్యా, వాడికి ఆ చప్పుడు పడట్లేదు, కొంచెం తగ్గిద్దామా" అని అడగండి. మనవడి కోసం అంటే కాదనరు. మా ఇంట్లో టీవీ సౌండు 12 దాటదు, ఆ నంబరు పెట్టింది మా అత్తగారే.